ఎర్రయ్య ఊపిరి వదిలిన రోజు

నేను ఒక గాలి సిలిండరును. వంటింటి గ్యాస్‌బండ మా దూరపు చుట్టం. దానికి బాధ్యతలెక్కువ, నాకు షికార్లెక్కువ. నాలో ఆక్సిజన్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. అదేం కాదు, మీరిప్పుడు పీలుస్తున్న మామూలు గాలే, కాకపోతే కుక్కి కుక్కి నింపుతారు. ఆ మామూలు గాలి విలువ తెలియడానికి మనుషులు ఇంత దూరం వచ్చి, నన్ను వీపున కట్టుకుని సముద్రంలో దూకాలి.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో అల్యూమినియం దిమ్మ నుంచి అతుకన్నది లేకుండా పుట్టాను. పసుపు రంగు పూసి, ఓడెక్కించి, అండమాన్ దీవుల్లో ఒక డైవింగ్ సెంటరుకు చేర్చారు. అక్కడి నీళ్లు చూశాక ఫ్యాక్టరీని మళ్లీ తలుచుకోలేదు. అడుగున పగడాల దిబ్బలు, వాటిని కరకరమని కొరుక్కుతినే చిలక చేపలు. కొత్త పెళ్లికొడుకులు నన్ను కట్టుకుని ఫొటోకు రొమ్ము విరుచుకునేవారు. దిగిన పది నిమిషాలకే బెదిరిపోయి నా గాలి సగం లాగేసేవారు.

అలాంటి రోజుల్లో సూరాడ ఎర్రయ్య వచ్చాడు. శ్రీకాకుళం తీరం నుంచి వలస వచ్చిన జాలరి కుటుంబం వాళ్లది. ముప్పై ఏళ్లు ఉత్త ఊపిరి మీదే మునిగి శంఖాలు ఏరాడు. ఆ పని నిషేధించాక, నీళ్లు వదల్లేక, డైవింగ్ గైడు కావాలనుకున్నాడు. అప్పటికే పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే హోటల్ గేటు దగ్గర కాపలా ఉద్యోగమే గతి.

ఆయనకొచ్చిన చిక్కల్లా ఒకటే. నేనిచ్చిన గాలి పీల్చేవాడు, వదిలేవాడు కాదు. పైకి వచ్చేకొద్దీ లోపలి గాలి ఉబ్బుతుంది. బిగబట్టామా, ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. నాకు ఒళ్లు మండేది. అడిగినంత ఇస్తుంటే ఇంత పిసినారితనం దేనికి?

నేర్పే అమ్మాయి విమల, పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టిన తెలుగు పిల్ల. "గాలి ఒగ్గెయ్ బాబాయ్! లోపల దాసుకుంటే ప్రాణం మీదకొస్తాది," అని మొత్తుకునేది.

"నా వల్ల కాదమ్మా. ఈతకు మించిన లోతు లేదని తిరిగినోడిని. నీళ్లల్లో ఊపిరొగ్గినోడు మళ్లీ తేలడని మా అయ్య సెప్పినాడు."

పరీక్షకు ముందురోజు ఇద్దరూ దిగులుగా ఒడ్డున కూర్చున్నారు. పక్కనే నలుగురు పడవను ఇసుక మీదికి లాగుతున్నారు. ఎర్రయ్య లేచి వెళ్లి, భుజం ఆనించి, అలవాటుకొద్దీ 'హైలెస్సా' అందుకున్నాడు. కేక వేసిన ప్రతిసారీ గుండెల్లోని గాలంతా బయటికి పోతోంది. విమల పకపకా నవ్వింది.

"రేపు నీళ్లల్లో కూడా పడవే లాగు బాబాయ్!"

మర్నాడు పరీక్షాధికారి పక్కనే ఈదుతున్నాడు. పైకి పదమని సైగ చేయగానే ఎర్రయ్య దవడలు బిగుసుకున్నాయి. ఒక్క బుడగ లేదు. నాకు నిజంగా భయం వేసింది. అంతలో ఆయన గొంతులో సన్నటి మూలుగు మొదలైంది. హై... లె... స్సా. బుడగలు గుత్తులుగా బయలుదేరాయి. ఆ పాట ఆయన వెన్నులోంచి నా ఒంట్లోకి పాకింది. కూనిరాగంతోనే మెల్లగా పైకి తేలాం.

"లోపల ఆ చప్పుడేంటయ్యా?" అన్నాడు అధికారి.

"పడవ లాగే పాటండి. ఇయాల నన్ను నానే లాక్కొచ్చినాను."

పాసయ్యాడు. ఆనందం పట్టలేక నన్ను దించకుండానే ఇసుక మీద గంతులేశాడు.

ఆ తర్వాత ఆరేళ్లు కలిసి తిరిగాం. మొన్న తనిఖీలో నా మెడలో, మూత బిగించే మరల దగ్గర సన్నటి పగులు బయటపడింది. ఎర్రయ్య పాసైన చోటే నేను ఫెయిలయ్యాను. పాత సామాన్లవాడు బండి తెచ్చాడు. ఎర్రయ్య అడ్డం నిలబడి పంపించేశాడు. నా అడుగు కోయించి, సెంటరు గుమ్మంలో గంటలా వేలాడదీశాడు.

రోజూ పొద్దున్నే పడవ బయలుదేరే ముందు చెక్క సుత్తితో నన్ను ఒక్కటి వేసి, "ఊపిరి దాసుకోకండి బాబూ," అని కొత్తవాళ్లకు చెబుతాడు. ఆయన్ను పిసినారి అని తిట్టుకున్నందుకు సిగ్గేస్తుంది. పుట్టిన నాటి నుంచి ఊపిరి బిగబట్టి బతికింది నేనే కదా! ఇప్పుడు చెంచాడు గాలి కూడా దాచుకోలేను. కొట్టగానే దీవి చివరిదాకా వినబడతాను.