దొరువులోకి మళ్ళిన నీళ్ళు

బోరు పక్కన నిలబడితే కాలు జారుతుందని, ఇంజను పక్కన నిలబడితే ఓణీ చుట్టుకుంటుందని, రెండింటికీ దూరంగా నిలబడితే వడదెబ్బ తగులుతుందని మా అమ్మాయి ఝాన్సీలక్ష్మికి చెప్పాను.

"మరి నన్నెక్కడ నిలబడమంటావే అమ్మా?"

ఇంట్లో ఉండమన్నాను. అది నవ్వుకుంటూ బోరు దగ్గరికే పోయింది.

డెబ్బై మూడో సంవత్సరం జ్యేష్ఠమాసం అది. బాపట్లకు సముద్రం వైపున్న మా ఊరి ఇసుకలో ఏదో విలువైన ఖనిజం ఉందని, తెనాలి నుంచి చంద్రశేఖరంగారనే సారు నలుగురు మనుషులతో దిగారు. లోతుగా తవ్వితే ఊరి నీళ్ళేమవుతాయో ముందు తేల్చుకోవాలట. అందుకని మా చేలో బోరు దింపి, మూడు రోజులు ఆపకుండా ఇంజనుతో తోడతారట. నలభై అడుగుల అవతల సన్నటి గొట్టం పాతి, అందులోకి టేపు వదిలి నీటిమట్టం ఎంత దిగిందో కొలుస్తారట. మా ఆయన సరేనని మాటిచ్చి, మిరపనారు కట్టలు వేసుకుని తెనాలి వెళ్ళారు. భయపడే పని నాకు వదిలేశారు.

నా ప్రాణమంతా దొరువులో ఉంది. దొరువంటే ఇసుకలో తవ్వుకున్న లోతులేని గుంట. మా నేలలో తీపినీళ్ళు పాల మీద మీగడలా పైనే తేలుతుంటాయి. కిందదంతా ఉప్పే. కడవతో పైపైన ముంచి నారుమళ్ళకు పోసుకుంటాం, అవే తాగుతాం. అడుగు కదిలిస్తే ఇక అంతే. రేపల్లె దగ్గర మా అక్క వాళ్ళ ఊళ్ళో ఎవరో ఇంజను పెట్టి తోడితే బావి ఉప్పెక్కి, ఊరంతా మంచినీళ్ళకు రెండు మైళ్ళు నడుస్తున్నారు.

ఆ మాటే సారుతో అన్నాను.

"అది తెలుసుకోవడానికేనమ్మా ఈ పరీక్ష. మట్టం బాగా దిగిందనుకోండి, ఇక్కడ తవ్వొద్దని రాస్తాను. గుంటలు పూడ్చి మీ నేల మీకప్పజెప్పి పోతాం."

"పూడ్చకుండా పోతేనండి?"

"పోమండి."

"ఈలోగా మీకేదన్నా అయితేనండి?"

సారు టేపు చుట్టుకుంటూ అటు తిరిగారు.

ఇంజను మొదలైంది. చేయి లావున ధార. ఆ నీళ్ళన్నీ కాలవ తీసి దూరాన డ్రైనులోకి వదిలారు. మంచినీళ్ళు మురుగులో కలుస్తుంటే చూస్తూ కూర్చోవడం మా ఇంటా వంటా లేదు. మధ్యాహ్నం వాళ్ళు భోజనాలకు లేవగానే పార తీసుకుని కాలవ గట్టుకు గండి కొట్టాను. నీళ్ళు బుద్ధిగా నా దొరువులోకి మళ్ళాయి. కనపడకుండా పైన తుంగ కప్పాను. ఆ సన్నగొట్టం పాతింది దొరువు పక్కనేనన్న సంగతి నా బుర్రకెక్కలేదు.

మూడో రోజు పొద్దున సారు ముఖం వెలిగిపోతోంది.

"ఏంటమ్మా మీ నేల! ఇంత తోడినా మట్టం జానెడు దిగలేదు. ఎంత లోతు తవ్వినా నీళ్ళకు భయం లేదని రాసేయొచ్చు."

"రాస్తే ఏమవుతుందండి?"

"తవ్వకాలు మొదలవుతాయి. ఇక్కణ్ణుంచి ఆ సరుగుడు తోటల దాకా."

దొరువును కాపాడబోయి ఊరి మీదికి ముప్పు తెచ్చాను.

"మీ టేపు ఎండకు సాగిందేమోనండి."

"ఇనపదమ్మా."

"రైలుపట్టాలు సాగట్లేదాండి? పోనీ, ఎండ్రకాయలేమన్నా తుంగ కింద గట్టుకు బొక్క పెట్టాయేమో..."

సారు కళ్ళజోడు తీశారు. "తుంగ కింద బొక్కుందని మీకెలా తెలుసండి?"

"గాజులేసుకున్న ఎండ్రకాయ సార్ అది," అంది ఝాన్సీ. "పార కూడా పట్టుకెళ్ళింది."

కన్నకూతురు!

సారు ఇసుకలో కూలబడ్డారు. "తోడిన నీళ్ళే మళ్ళీ లోపలికి పంపారా? నేను కొలిచింది మీ గండినా?"

రెండు రోజులు ఇంజను ఆపి, నేలను కుదుటపడనిచ్చి, మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి కాలవ గట్టున కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నది నేనే. నీళ్ళు డ్రైనులోకి పోతున్నంతసేపూ కొంగు నోట్లో కుక్కుకున్నాను. మొదటి రోజే మట్టం మూరెడు దిగింది. రెండో రోజు సారు సీసాతో నీళ్ళు తెనాలి పంపి, ఉప్పెంతుందో వారంలో తెలుస్తుందన్నారు.

"వారమెందుకండి?" అని, ఆ ధారలో నీళ్ళే పట్టి కందిపప్పు పొయ్యి మీద పెట్టాను. రెండు జాములు మండించినా పప్పు మెదగలేదు. గిన్నెతో సహా పట్టుకెళ్ళి సారు ముందు పెట్టాను. ఆయన ఒక ముద్ద నమిలారు.

"రాళ్ళేరలేదా అమ్మా?"

"రాళ్ళు కావండి. మీరు తోడిన నీళ్ళు."

ఆయన నోట్లోది మింగకుండానే చెయ్యెత్తి ఇంజను ఆపమన్నారు.

బోరు గొట్టం పీకి, కన్నంలో అడుగు దాకా బంకమన్ను దట్టించారు. గుంటలు పూడుస్తుంటే పైమన్ను పైనే వెయ్యాలని వెంటపడ్డాను. ఉప్పు ఇసుక పైకొస్తే గడ్డి కూడా మొలవదు. అంతా అయ్యాక సారు ఒక కాగితం ఇచ్చారు. నేను చదివింది ఐదో తరగతే అయినా కూడబలుక్కుని చదివాను. నేల ఎప్పటిలా చేసి అప్పగించారని రాసి, నా సంతకానికి చోటుంచారు.

"ఇసుక వెనక్కొచ్చిందండి. దొరువులో తీపి ఇంకా రాలేదు. నీళ్ళు తియ్యగా అయ్యాక రండి."

ఆషాఢంలో వాన పడ్డాక వచ్చారు. దొరువులో పైపైన చెంబు ముంచి ఇచ్చాను.

"తియ్యగానే ఉన్నాయమ్మా."

"మీరు పైవూరివాళ్ళు, మీకు తెలీదండి. ఇంకో వాన పడాలి."

అలా మూడుసార్లు తిప్పాను. మూడోసారి నేను తాగి చూసుకుని, సంతకం పెట్టి, దాని కింద ఇంకో మాట రాశాను: "ఇక్కడ తోడితే ఉప్పొస్తుంది. తవ్వితే ఊరు పోతుంది."

"ఈ కాగితంలో అలాంటివి రాయకూడదమ్మా."

"అబద్ధమాండి?"

సారు కలం తీసి, ఆ మాట కింద తన సంతకమూ పెట్టారు. మడవబోతుంటే చటుక్కున లాక్కున్నాను. సిరా ఆరకుండా మడిస్తే అలుక్కుపోదూ? ఆయన బస్సు తప్పిపోతుందని గోల పెడుతున్నా వినకుండా, ఊదుతూ కూర్చున్నాను.