జూబిలీ నాటి బాకా

పొట్టేలు కొమ్మట, జూబిలీ అన్న ఇంగ్లీషు మాట పుట్టింది పొట్టేలు కొమ్ములోంచట, సుందరరావు మాస్టారు వేదిక మీద గొంతు సవరించుకుని తీరిగ్గా చెబుతున్నాడు, పూర్వం యూదుల దేశంలో యాభయ్యో ఏట ఆ కొమ్ము ఊదేవారండీ, అది వినబడగానే బానిస తన ఇంటికి వెళ్లిపోయేవాడండీ, చేజారిన పొలం అసలు మనిషికి తిరిగి వచ్చేసేదండీ, ఇవాళ మన చక్రవర్తిగారు గద్దెనెక్కి ఇరవై అయిదేళ్లు నిండాయి కనుక ఇది రజత జూబిలీ అండీ, అనగానే ఏలూరు జనమంతా చప్పట్లు, కింద బ్యాండు మేళంలో బాకా పట్టుకుని నిలబడ్డ సిరాజుద్దీన్‌కు ఒళ్లు మండిపోయింది, పొలం తిరిగి వచ్చేసేదట, ఎంత తేలిగ్గా అనేశాడీయన, పక్క కుర్చీలోనే ఈ సంబరం జరిపిస్తున్న బంగార్రాజుగారు మెడనిండా దండలతో నవ్వుతూ కూర్చుంటే.

ఆ పొలం మండవల్లి దగ్గర, కొల్లేటి అడుగున, వానాకాలమంతా నీళ్ల కిందే, నీరు తీశాక తండ్రి మొహిద్దీన్ తుంగ పీకి, హద్దుకు వెదురుగడలు పాతి వేసవి వరి వేసేవాడు, ఆయన పోయిన ఏడు నీరు తీసేసరికి ఆ గడలు లేవు, బంగార్రాజుగారి తాటిమొద్దులున్నాయి, ఏవండీ ఇది మాదండీ అంటే, నీళ్లడుగున నీదేదో నాదేదో ఎవరికి తెలుసు సిరాజుద్దీనూ, కావాలంటే కోతలకు రా, అని మెత్తగా అన్నాడు, కసిరికొట్టినా బాగుండేది, ఆ మెత్తదనాన్నే మరిచిపోలేకపోతున్నాడు, ఏలూరొచ్చి ఈ బాకా పట్టింది ఆ తర్వాతే, తల్లి మరియంబీ ఇప్పటికీ ప్రతి వేసవికీ అడుగుతుంది, నీరు తీసిందా నాయనా అని, తీసిందమ్మా అంటే చూరులోని కొడవలి తీసి తుడిచి మళ్లీ అక్కడే దోపుతుంది.

చప్పట్లు ఆగాయి, బంగార్రాజుగారు చెయ్యి ఊపుతున్నాడు, ఊదవోయ్ సిరాజుద్దీనూ, డ్రమ్ము వాయించే హబీబ్ మోచేత్తో పొడుస్తున్నాడు, ఊదన్నా, పెళ్లిళ్లకు మనల్ని పిలిపించేది ఆయనేగా, ఆయనకు కోపమొస్తే ఇంటిల్లిపాదీ ఏం తింటాం, నిజమే, బాకా పెదాల దాకా వెళ్లింది, ఛాతీ నిండా ఊపిరి, అయినా సిగ్గులేదూ, పొలం పోగొట్టుకున్నవాడు దాన్ని లాక్కున్నవాడి సంబరానికి ఊదడమేమిటి, మాస్టారు ఆ కథ చెప్పకపోయినా ఊదేవాడేమో, విన్నాక ఇక చేతకాదు.

బాకా దించేశాడు, ఏమైందోయ్ అంటున్నాడు బంగార్రాజుగారు, ఏమీ లేదండీ, ఊదితే పొలం ఇచ్చేస్తారంటున్నారండీ మాస్టారు, ఊదమంటారాండీ, అంత మర్యాదగా అడిగిన గొంతు తనదేనా, జనమంతా తలలు తిప్పి బంగార్రాజుగారినే చూస్తున్నారు, ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది, ఊదమనలేక, వద్దనలేక దండల్లో పూలు తుంచుతున్నాడు, ఏ పొలమోయ్ అని మాటవరసకైనా అడగడం లేదు, అది చూశాక సిరాజుద్దీన్‌కు అర్థమైంది, ఆ పొలం ఎవరిదో ఆయనకు మొదటినుంచీ తెలుసు.