సింహం బోను గోడకి కొత్త సిమెంటు

మా నాన్న క్లారీని పబ్బులో ఇప్పటికీ ఎవడో ఒకడు అడుగుతుంటాడు, "ఏం క్లారీ, వచ్చేటప్పుడు ఇంటి తలుపేశావా?" అని. అందరూ గొల్లుమంటారు. ఆయన కూడా ఓ నవ్వు నవ్వేసి బీరు గ్లాసులోకి చూస్తూ కూర్చుంటాడు. నాకు మాత్రం ఆ అడిగినవాడి నెత్తిన ఆ గ్లాసు బోర్లించాలనిపిస్తుంది. ఒకసారి బోర్లించాను కూడా.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట, మా ఊరి బయట స్టోక్స్ గారి జూలో నాన్న సింహాల కీపర్. ఒక పొద్దున బ్రూటస్ అనే మగ సింహం బోనులోంచి నడవలోకి వచ్చేసింది. నాన్న దగ్గర పని నేర్చుకుంటున్న డారిల్‌ని చంపేసింది. నాన్నని ఒక్క దెబ్బకి గోడకేసి కొట్టింది. ఆయనకి ఆ పూట సంగతులేవీ గుర్తులేవు. స్టోక్స్ తుపాకీ తెచ్చి సింహాన్ని కాల్చేసి, బోనుకి తాళం వెయ్యడం క్లారీ మర్చిపోయాడని అందరికీ చెప్పాడు. ఊరు నమ్మింది. అంతకన్నా ఘోరం, నాన్న నమ్మాడు. జూ ఆ రోజే మూతపడింది. మళ్ళీ తెరవలేదు.

ఇప్పుడు ముసలి స్టోక్స్ లేడు. కొడుకు గ్లెన్ ఆ నేలని ఇళ్ళ స్థలాలుగా అమ్ముకుంటున్నాడు. అక్కడే డారిల్ పేరున ఒక రాయి కూడా నిలబెడతాడట. దానిమీద చెక్కబోయే మాటలు ఊరి పేపర్లో వేశారు: 'కీపర్ మరుపు వల్ల ప్రాణం కోల్పోయిన డారిల్ జ్ఞాపకార్థం.'

"పబ్బులో వాగింది చాలక ఇప్పుడు రాతిమీద చెక్కుతారా? నేను ఊరుకోను నాన్నా!" అన్నాను.

"ఉన్నమాటేగా డెల్మా," అంటూ ఆయన టోస్టుకి నల్లటి వెజిమైట్ ముద్ద రాసుకున్నాడు. సగం తిని పక్కనపెట్టి, "ఒక్కసారి జూకి తీసుకెళ్ళవే. ఇవాళ కూలగొట్టేస్తారుగా," అన్నాడు. అన్నేళ్ళలో ఆయన అటువైపు వెళ్ళాలని అడగడం అదే మొదలు.

గేటు దగ్గర పడగొట్టే మెషీన్ పక్కన కూర్చుని డ్రైవర్ టెవిటా ఫ్లాస్కులో టీ తాగుతున్నాడు. టోంగా దీవుల మనిషి, తలుపంత వెడల్పు. "పోయి చూసుకోండి పెద్దాయనా. మీరొచ్చేదాకా దీన్ని ముట్టుకోను," అన్నాడు.

టికెట్టు కిటికీని పిచ్చి తీగ మింగేసింది. కోతుల చెరువులో నీళ్ళ బదులు సీసాపెంకులు. పక్షుల బోనుకి కప్పు ఎగిరిపోయింది, ఊళ్ళోని గులాబీరంగు గలా చిలకలు వాటంతటవే వచ్చి అందులో కూర్చుని గోల చేస్తున్నాయి. నాన్న మాత్రం ఒక్కో ఖాళీ బోను ముందు ఆగి, అందులో ఒకప్పుడు ఉన్న జంతువు పేరు నెమ్మదిగా చెబుతూ నడిచాడు.

సింహాల ఇంటికి బయట ఒక ఇనప గేటు, లోపల ఇరుకు నడవ, నడవ చివర బోను తలుపు. కుర్రాళ్ళు దూరకుండా గ్లెన్ బయటి గేటుకి కొత్త గొలుసూ తాళంకప్పా తెచ్చిపెట్టాడు. ఆ పొద్దున తాళం తెరిచే వేలాడుతోంది. ముందు నేను దూరాను. నాన్న వెనకే వచ్చాడు.

వెనక గేటు ధడేలుమంది. తిరిగి చూస్తే ఆయన గొలుసు చుట్టి, తాళం నొక్కి, పడిందో లేదో ఒకసారి లాగి చూసి, ఏమీ ఎరగనట్టు నన్ను దాటుకుని ముందుకెళ్తున్నాడు.

"నాన్నా! ఏం చేశావ్?"

"ఏంటే?"

"తాళమేశావ్! తాళంచెవి గ్లెన్ దగ్గరుంది!"

ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నాడు. "వెనక తలుపు వేశాకే కదే ముందుది ముట్టుకోవాలి."

"లోపల ఏమున్నాయని? ఉడుములా?" నాకు నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నాన్నా, ఖాళీ బోనుకి కూడా తాళమేసే మనిషివి నువ్వు. సింహం ఉన్న బోనుకి మర్చిపోతావా?"

"డారిల్‌కి మొదటి రోజే చెప్పాను," అన్నాడు. "తాళం చెయ్యే వెయ్యాలిరా, బుర్రని అడక్కూడదు అని."

గబగబా బోను తలుపు దగ్గరికెళ్ళాడు. గడియ దూరే ఇనప పట్టీ గోడలో ఉంది. గోడంతా సున్నం రాలుతున్న పాత ఇటుక. ఆ పట్టీ చుట్టూ మాత్రం అరచెయ్యంత మేర బూడిదరంగు సిమెంటు, గట్టిగా, నున్నగా. నాన్న గోటితో గీకాడు.

"ఇది నేనున్నప్పుడు లేదు. ఇక్కడ గోడ గుల్లబారింది, పట్టీ ఊగుతోంది బాసూ అని స్టోక్స్‌కి చెప్తూనే ఉన్నా. చలికాలంలో చూద్దాంలే అన్నాడు."

"ఆ రోజు సింహం చచ్చింది, జూ మూసేశారు. చచ్చిన సింహం బోనుకి సిమెంటు ఎవడు పూస్తాడు నాన్నా?"

నాన్న అరచేత్తో ఆ గోడని ఒక్క చరుపు చరిచాడు. నా జన్మలో ఆయనకి కోపం రావడం అప్పుడే చూశాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

నేను కేకేస్తే టెవిటా వచ్చి చూసి, తాళంచెవి కోసం గ్లెన్‌కి ఫోన్ చేశాడు. నేను డారిల్ తల్లి నోలాకి చేశాను. మమ్మల్ని చూస్తే రోడ్డు దాటి అవతలికి పోయే మనిషి. "క్లారీ కూతుర్నండీ. పెట్టెయ్యకండి, ఒక్క మాట వినండి," అన్నాను. విన్నది. గోడ సంగతి చెప్పడం అవగానే పెట్టేసింది.

ముందు గ్లెన్ వచ్చాడు. తాళం తీసి గేటు బార్లా తెరిచాడు. "రండి క్లారీ, ఎండగా ఉంది. ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి."

"రాను," అన్నాడు నాన్న.

"అవతల పని ఆగిపోతోంది."

"ఆగనీ. ఈ సిమెంటు ఎప్పటిది గ్లెన్?"

"పాత గోడలు. ఎప్పుడో మరమ్మతు చేసుంటారు."

"సింహం ఉన్నప్పుడు చేస్తే నాకు తెలియకుండా జరగదు. సింహం పోయాక ఎందుకు చేశారు? నువ్వప్పటికే మీసాలొచ్చినవాడివి. మీ నాన్నకి సిమెంటు కలిపిచ్చింది ఎవరు?"

గ్లెన్ చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి, "టెవిటా, మెషీన్ స్టార్ట్ చెయ్," అన్నాడు.

"లోపల మనుషులున్నారు సార్," అన్నాడు టెవిటా. "మా అమ్మ నన్నలా పెంచలేదు." ఫ్లాస్కు మూత తీసి ఇంకో కప్పు టీ పోసుకున్నాడు.

అంతలో టాక్సీలో నోలా దిగింది. చేతికర్ర పోటేసుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా, తిన్నగా నడవలోకి వచ్చింది. నాన్న టోపీ తీసి పక్కకి జరిగి గోడ చూపించాడు.

"నోలా, నేను తాళం వేశాను," అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. "పట్టీ గోడలోంచి ఊడింది. నేను తాళం వేశాను."

ఆవిడ ఆ సిమెంటు మీద వేళ్ళు పెట్టి తడిమింది. తర్వాత పక్కన పాత ఇటుకని తాకితే, అది పొడిపొడిగా ఆవిడ చేతిలో రాలింది. ఆ పొడిని గుప్పిట పట్టుకుంది.

"గ్లెన్, ఒక కుర్చీ తెప్పించు," అంది.

"ఎందుకండీ? పదండి, నేనే ఇంటిదగ్గర దింపుతాను."

"పోలీసులూ పేపరువాళ్ళూ వచ్చి ఈ గోడ చూసేదాకా నేనిక్కణ్ణుంచి కదలను. కూలగొడితే నామీదే కూలగొట్టు."

నోలా అప్పుడు మొదటిసారి మా నాన్న మొహంలోకి చూసింది.

"రెండు తెప్పించు," అంది.