దవడలో కూర్చున్న బుద్ధుడు

స్కాన్ తెర మీద సనిత్ దవడ చూడగానే డాక్టర్ చుతిమాకు చెమటలు పట్టాయి. సరిగ్గా ఆమె కొలవాల్సిన రెండు పంటి వేర్ల నడుమ తెల్లటి మెరుపు భగ్గుమంటోంది. ఎముకా లేదు, వేరూ లేదు, అంతా వెలుగే.

సనిత్ ఖోన్ కేన్ ఊళ్లో సాంగ్‌థావ్ అనే ప్రయాణికుల బండి నడుపుతాడు. బండి కంటే ముందే అతని పళ్లు స్టాండుకు చేరతాయని తోటి డ్రైవర్ల ఎగతాళి. ఆ పళ్లను వెనక్కి లాగాలంటే కట్టేయడానికో గుంజ కావాలి. ఆ గుంజే చిన్న మేకు. వేర్ల నడుమ ఎముకలో మూడున్నర మిల్లీమీటర్ల చోటుంటేనే దాన్ని దింపాలి. లేదంటే వేరుకు తగిలి నిక్షేపంలాంటి పన్ను కాస్తా పాడవుతుంది. చుతిమాకు ఇది మొదటి మేకు, ముహూర్తం రేపే.

ఆమె బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. బుగ్గకూ పంటికీ మధ్య, మఠం వేసుకుని కూర్చున్న చిన్న లోహపు ఆకారం కనిపించింది. పరుగున వెళ్లి తన గురువు ఆచాన్ విరత్‌కు చెప్పింది.

"రోగి నోట్లో బుద్ధుడి తాయెత్తా? నోట్లో బుద్ధుణ్ణి పెట్టుకుని చెప్పినా నమ్మను పో!" అని వాడుక మాట విసిరాడాయన.

"ఈ రోగి నిజంగా పెట్టుకున్నది అదే ఆచాన్!"

ఆచాన్ వచ్చి చూశాడు. నవ్వొచ్చినా మింగేసి, "రేపు పొద్దుటికి కొలత నా బల్ల మీద లేకపోతే కేసు ఇంకొకరికి ఇచ్చేస్తా" అని వెళ్లిపోయాడు.

సనిత్‌కు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. "మెడలోవి తీసెయ్యమన్నారు, తీసేశా. నోట్లో పెట్టుకోవద్దని ఎవరన్నారు డాక్టరమ్మా? లారీ గుద్ది బండి బోర్లా పడ్డప్పుడు నన్ను బతికించింది ఈయనే. మీ మెషీన్ నా తల చుట్టూ గిర్రున తిరుగుతుంటే ఈయన్ని బల్ల మీద పడేసి పొమ్మంటారా?"

చుతిమాకు తలకొట్టేసినట్టయింది. పాత ఎక్స్‌రే ఒకటి ఉంది. అందులో చోటు పుష్కలంగా కనిపిస్తోంది. ఆ అంకె వేసేస్తే గొడవ వదిలిపోతుంది, కేసూ దక్కుతుంది. కానీ అది మనిషిని గోడకు నొక్కి తీసిన బొమ్మ లాంటిది, అసలు చోటెంతో చెప్పదు. కలం తీసింది, మళ్లీ మూత పెట్టేసింది.

"బాబాయ్, ఆయన్ని నా మెడలో వేసుకుంటా. మెషీన్ గది అద్దం అవతల మీ ఎదురుగానే నిలబడతా. చూస్తూ ఉండండి, సరేనా?"

సనిత్ తాయెత్తును గుడ్డతో తుడిచి, దండం పెట్టి ఇచ్చాడు. మెషీన్ తిరిగినంతసేపూ అతని చూపు ఆమె మెడ మీంచి కదల్లేదు, తలా కదల్లేదు. బొమ్మ అద్దంలా వచ్చింది.

కొలిస్తే అక్కడ రెండు మిల్లీమీటర్లే.

ఆ చోటు మేకుకు చాలదు. చుతిమా గబగబా దాని ముందున్న పంటి సందు కొలిచింది. నాలుగు. ఆ అంకె రాసుకుని సనిత్ దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, మేకు చోటు మారింది. నిజం చెప్పాలంటే ఇందాక పాత ఫోటో చూసి అంకె వేసేద్దామనుకున్నా. వేసుంటే మీ పన్ను పోయేది."

సనిత్ తొడ చరిచాడు. "చూశారా! ఆయన ఊరికే అడ్డం కూర్చున్నాడా?"

"అయ్యో! ఆయన అడ్డం కూర్చోకపోతే మొదటిసారే తెలిసిపోయేది కదా!"

"చోటు సంగతి తెలిసేది, నిజమే. మరి మీ సంగతి నాకెలా తెలిసేది?"

చుతిమా మెడలోంచి తాయెత్తు తీసి ఇవ్వబోయింది. సనిత్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"రేపటిదాకా ఉంచుకోండి డాక్టరమ్మా. నోరు తెరిచి పడుకునేవాడికి ఈయనతో పనేముంది? మేకు దింపేది మీరు."