పదో ఆల్బం

దేవుడు చెవులిచ్చింది కళ్ళజోడు నిలవడానికే అనుకునే మనిషి ఆ ఇంట్లో ఒకడుండేవాడు. పత్రికలో నెలనెలా వినదగ్గ కొత్త జానపద ఆల్బంలు పది ఏరి రాసేవాడు. ఇంట్లోవాళ్ళు విమర్శకుడనే పిలిచేవారు, గౌరవంతో మాత్రం కాదు.

పొద్దున్నే కాఫీ తాగుతూ ఒక్కోటి అర నిమిషం వినేవాడు. ఆపైన ఆల్బం లోపలి కాగితంలో ఉన్న పొగడ్తల్నే అటూ ఇటూ మార్చి రాసేసేవాడు. పాటకి ముందు ఎవరైనా దగ్గితే ఆ ఆల్బం చెత్తబుట్టకే.

అతని గది ఊడ్చేది అక్క. నిజంగా పనిచేస్తూ పాడిన పాటయితే ఆ పని తాలూకు సరుకు గదిలో రాలుతుంది కదా. తిరగలి పాటకి స్పీకరు కింద పిండి, పడవవాళ్ళ పాటకి మడమలు తడిసేటన్ని నీళ్ళు. ఈమధ్య ఆవిడకి చీపురు ముట్టే పనే పడటం లేదు. తమ్ముడు ఆకాశానికెత్తే ఆల్బంలలో పట్టు చొక్కాలవాళ్ళు చల్లటి గదుల్లో నిలబడి, జన్మలో తొయ్యని పడవల్ని తోస్తున్నట్టు మూలిగేవారు.

ఆ నెల అక్క బుట్టలోంచి ఒకటి తీసింది. గొర్రెల ఉన్ని కత్తిరించే నలుగురు ముసలమ్మల పాటలు. వెంట ఉత్తరం కూడా ఉంది. జాబితాలో చోటు దొరికితే కంపెనీ మిగతా పాటలూ రికార్డు చేస్తుందట, లేకపోతే అవి తమతోనే పోతాయట.

"ఇది పూర్తిగా విన్నావుట్రా?"

"దగ్గుతో మొదలైందక్కా. దగ్గు సంగతి డాక్టరు చూసుకుంటాడు."

"ఉన్ని కత్తిరించేవాళ్ళకి గొంతులో నూగు పడదూ?"

"నువ్వు ఇల్లు చూసుకో."

సాయంత్రం సంపాదకురాలు జాబితా కోసం ఇంటికే వచ్చింది. విమర్శకుడు తన మొదటి ర్యాంకు పడవ పాటలు పెట్టాడు. నీళ్ళొస్తాయని ఆవిడ అలవాటుగా చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. నేల పొడిగానే ఉంది. రికార్డింగు అంత శుభ్రం మరి, అని చెప్పి, వ్యాసం తేవడానికి లోపలికెళ్ళాడు.

అక్క ముసలమ్మల్ని పెట్టింది. ఒకామె దగ్గింది. ఒకామె కత్తెర ఏదే అంది. ఇంకొకామె గొర్రెని తిట్టింది. నిమిషం దాటాక చేతుల లయ పాటకెక్కింది. అప్పుడు ఉన్ని రాలడం మొదలైంది, ఫ్యాను మీద, బల్ల మీద, సంపాదకురాలి ఒళ్ళో. వెచ్చగా ఉంది, గొర్రె ఒంటి మీంచి అప్పుడే దిగినట్టు.

విమర్శకుడు పరుగున వచ్చాడు. "క్షమించండి మేడం, మా అక్కకి తెలీక..."

"మీరు కూర్చోండి," అందావిడ మెల్లగా. "ఇన్నేళ్ళుగా ఇది వినాల్సింది మీరు."

చివరిదాకా విని, అతని జాబితాలో పదో పేరు కొట్టేసి, కలం అక్క చేతికిచ్చింది.

ఇప్పుడు జాబితా అక్కే రాస్తుంది. ఆవిడకి వినడం నేర్పింది తనేనని తమ్ముడు వచ్చినవాళ్ళకల్లా చెబుతాడు. అక్క కాదనదు, పాపం బతకనీ అనుకుంటుంది.

ముసలమ్మల్లో పెద్దావిడ ముప్ఫై ఒక్క పాటలు రికార్డు చేయించి, మర్నాడు నిద్రలోనే పోయింది. ఆమె దగ్గర పాడాల్సింది ఇంకేమీ మిగల్లేదు.