అమ్మవారి గుడ్డ కింద అతుకు

నేను ఒక తెరచాప కొయ్యను. ముప్పై అడుగుల పొడవు, మొదలు నుంచి కొస దాకా ఒకే టేకు మాను, ఎక్కడా అతుకన్నది లేదు. గోదావరి మీద నా అంత నిటారుగా నిలబడ్డ కొయ్య మరొకటి పుట్టలేదు. నమ్మారు కదా? నమ్మండి. సరిగ్గా ఈ మాటే నమ్మి ఎర్రయ్య నన్ను కొనుక్కున్నాడు.

కొండల్లో పెరిగాను. వరదకాలంలో తెప్పకట్టి దిగువకు తెచ్చారు. వడ్రంగి చెక్కి నునుపు చేశాక, బంగారయ్య అనే సరంగు తన పడవలో నన్ను నిలబెట్టాడు. పంతొమ్మిదేళ్లు అతని తెరచాప మోశాను. కొబ్బరికాయలూ పెంకులూ పెళ్లివారూ ఎన్నిసార్లు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరారో లెక్క లేదు. మధ్యాహ్నం గాలి పడిపోతే బంగారయ్య నాకు వీపు ఆనించి, చుట్ట వెలిగించి, పెళ్లానికి కూడా చెప్పని మాటలు నాకు చెప్పుకునేవాడు. "నేను పోయాక నిన్నే చీల్చి నా చితిలో పేర్చమంటాన్రా. ఇద్దరం కలిసే పోదాం" అనేవాడు. నిన్ను కాల్చేస్తాను అని చెప్పడం మనుషుల్లో ప్రేమ కాబోలనుకుని నేను పొంగిపోయేదాన్ని.

ఇక్కడ ఒక ఏనుగు వస్తుంది. నవ్వకండి. ఆ పంతొమ్మిదో ఏడు వరదలో ఎక్కడో జమీందారు గారి ఏనుగు కొట్టుకొచ్చి, మా పడవ పక్కకు చేరి, తొండంతో నన్ను చుట్టేసింది. అర మైలు దూరం అలాగే వేలాడింది. చివరికి దాని కాళ్లకు ఇసుక తగిలింది, నా నడుము ఫెళ్లుమంది. ఏనుగు ఒక్కటిగానే ఒడ్డెక్కింది, నేను మాత్రం రెండయ్యాను.

వడ్రంగి నా పైభాగం తీసిపారేసి, సరుగుడు కొయ్య తెచ్చి ఏటవాలుగా అతికించి, మేకులు కొట్టి, తాడు చుట్టి, తారు పూశాడు. కింద టేకు, పైన సరుగుడు. మొదట్లో చెప్పిన ఒకే మాను సంగతి ఇక మరిచిపోండి. బాగానే ఉంది కదా, చెప్పుకోవడానికి?

మా రేవుల్లో ఒక ఆచారం ఉంది. ఏటా పడవ మొదటిసారి నీళ్లలోకి దిగే ముందు కొయ్యకు పసుపు రాసి, గంగమ్మ పేరున పసుపు గుడ్డ కడతారు. కట్టిన గుడ్డను ఎవరూ విప్పరు. అది తనంతట తాను చివికి రాలిపోవాలి. ఎప్పుడూ గుండె ఎత్తున కట్టే ఆ గుడ్డను ఆ ఏడు బంగారయ్య నాకు కొస దాకా పసుపు పట్టించి, బల్ల ఎక్కి మరీ పైన, సరిగ్గా అతుకు మీద, ఏడు చుట్లు చుట్టి కట్టాడు. దెబ్బకు కట్టు కట్టాడనుకుని నా కళ్లు చెమర్చాయి. కొయ్యకు కళ్లెక్కడివి అంటారా? ఏనుగును నమ్మినవారు కళ్లను నమ్మలేరా?

వారం తిరక్కుండానే ఎర్రయ్య వచ్చాడు. ఏటి మధ్య లంకలో రేవు నడిపేవాడు. రెండేళ్ల క్రితం నడి గోదావరిలో అతని పడవ కొయ్య విరిగి పదిహేడుమంది నీళ్లలో పడ్డారు. ఎవరూ పోలేదు గానీ, ఆ రోజు నుంచి అతని పడవ ఎక్కినవారూ లేరు. ఆ చెడ్డపేరు పోగొట్టుకోవాలని, భార్య కాసులమ్మ పుట్టింటి పొలం అమ్మించి మరీ మా పడవ కొనడానికి వచ్చాడు.

"కొయ్య ఒక్కటి గట్టిదైతే చాలన్నా" అన్నాడు.

"ఒకే మాను తమ్ముడూ! చూసుకో. నా తోడబుట్టినవాడు అనుకో దాన్ని" అన్నాడు బంగారయ్య.

తెరచాపా తాళ్లూ అతను చెప్పినట్టే ఉన్నాయి. తేడా అంతా నాలోనే. ఎర్రయ్య అరచేత్తో నన్ను తట్టాడు, చెవి ఆనించి విన్నాడు. పైకి చూసి, గుడ్డ కనపడగానే చూపు దించుకుని దణ్ణం పెట్టుకున్నాడు. నేను ఒక్కసారి కిర్రుమని ఉంటే సరిపోయేది. అనలేదు. బంగారయ్య పరువు పోతుందని నోరు మూసుకున్నాను. డబ్బు లెక్కపెట్టుకున్నాక బంగారయ్య గట్టు మీద గొడుగు వేసుకుని వెళ్లిపోతూ మూడుసార్లు వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

లంక చేరగానే ఎర్రయ్య ఇంటింటికీ తిరిగాడు. "ఒకే మానండీ! ఈసారి నాదీ పూచీ. సోమారం పొద్దున్నే అందరూ ఎక్కాలి" అన్నాడు. విన్న మాటను తన మాటగా చేసుకోవడానికి మనిషికి ఒక పూట చాలు.

ఆదివారం మొగుడూ పెళ్లాం ఇద్దరే, ఇసుక బస్తాలు వేసుకుని, పడవను గాలికి పెట్టి చూశారు. తెరచాప నిండింది. అప్పుడు ఆపుకోలేకపోయాను. కిర్రుమన్నాను.

"మావా, ఆ గుడ్డ కింద ఏదో పలుకుతోంది" అంది కాసులమ్మ.

"అమ్మోరి గుడ్డే అది. ముట్టుకోమాక!"

"అమ్మోరు కిర్రుమనదు."

ఆవిడ కళ్లకద్దుకుని, బల్ల ఎక్కి, ఒక్కొక్క చుట్టూ విప్పింది. తుప్పు పట్టిన మేకులూ, తారూ, రెండు కొయ్యల అతుకూ బయటపడ్డాయి. ఎర్రయ్య తెరచాప దించేసి పడవను ఒడ్డుకు తిప్పాడు.

ఆ సాయంత్రమే అతను బంగారయ్య గుమ్మంలో నిలబడ్డాడట. బంగారయ్య ఏమన్నాడో తిరిగొచ్చి నా దగ్గరే కాసులమ్మతో చెప్పాడు: "'విప్పి చూడొద్దని నేనన్నానా తమ్ముడూ?' అన్నాడే. అంతే, తలుపేసుకున్నాడు."

పంతొమ్మిదేళ్లు వీపు ఆనించిన మనిషి నన్ను తోడబుట్టినవాడన్నది అమ్మడానికి. దేవతను అడ్డం పెట్టింది నా గాయం దాచడానికి. ఒక కొయ్య రెండుసార్లు విరగడమంటే అదే.

ఎర్రయ్య చేతిలో కొత్త పసుపు గుడ్డ ఉంది. దారిలో కొన్నాడు. బల్ల ఎక్కి అతుకు మీద చుట్టబోయాడు. కాసులమ్మ కింద నుంచి చూస్తూ అంది.

"కట్టు మావా. కట్టావంటే అది గంగమ్మది కాదు, బంగారయ్యది."

ఎర్రయ్య గుడ్డను మడిచి భుజాన వేసుకున్నాడు. బల్ల దిగి, కమ్మరి ఇంటికి వెళ్లాడు.

సోమవారం పొద్దున లంక జనమంతా రేవులో ఉన్నారు. నా అతుకు మీద రెండు కొత్త ఇనుప పట్టీలు మెరుస్తున్నాయి. కొత్త పసుపు గుడ్డ దిగువన, ఎప్పటిలా గుండె ఎత్తున ఉంది. ఎర్రయ్య నా మీద చెయ్యి వేశాడు.

"ఒకే మానని చెప్పానండి. కాదు. అతుకుంది. నేనూ మోసపోయాను. చూసి, ఎక్కాలనిపిస్తేనే ఎక్కండి."

ఎవరూ కదల్లేదు. పాలు అమ్ముకునే ముసలి సూరమ్మ ముందుకొచ్చి, తల ఎత్తి పట్టీలను చూసింది.

"నా మోకాళ్లకంటే గట్టిగానే ఉందిరా. జరుగు!"

ఆవిడ ఎక్కింది. ఆవిడ వెనక మిగిలినవారూ ఎక్కారు.

వంతెన కట్టేదాకా పదకొండేళ్లు ఆ జనాన్ని దాటించాను. ఇప్పుడు ఆ వంతెన మొదట్లో ఒక టీ కొట్టు పందిరికి స్తంభాన్ని. పట్టీలు తుప్పు పట్టాయి, అతుకు మాత్రం ఊడలేదు. బంగారయ్య పోయాడని టీ తాగేవారు చెప్పుకుంటే విన్నాను. అతన్ని ఏ కొయ్యతో కాల్చారో నేను అడగలేదు.

ఇన్ని చెప్పాను గనక ఒకటి ఒప్పుకుంటాను. ఇందులో ఒక ముక్క నేను కల్పించింది ఉంది. ఏనుగు కాదు, ఏనుగు ముమ్మాటికీ నిజం. గట్టు మీద వెళ్లిపోతూ బంగారయ్య మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడని చెప్పాను కదా.

ఒక్కసారి కూడా చూడలేదు.