సిన్నోవె సంతకం

ఓడ్‌వార్ ఆ చిత్రాన్ని రెండు అట్టల మధ్య పెట్టి, నైలాను తాడుతో కట్టి తెచ్చాడు. తడి కోటు విప్పకుండానే బల్ల మీద పెట్టాడు.

"మెల్లగా విప్పమ్మా. అది నా కూతురు."

చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చువేసిన దృశ్యం. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రం, ఒడ్డున చేపలు ఎండేసే గుంజలు, వాటి మీద మార్చి నెల మంచు. ముప్పై ఏళ్ళుగా ఇలాంటి కాగితాలకి వెలకడుతూ, వాటిని శుభ్రం చేస్తూ బతుకుతున్నాను. నాకు ఏదీ ఓ పట్టాన నచ్చదు. ఇది నచ్చింది. అడుగున తెల్లటి అంచులో బూడిదరంగు పెన్సిల్‌తో 1/30 అని, పక్కన సిన్నోవె అని ఉంది.

ముప్పై ప్రతులు తీసి, మొదటిదాని మీద సంతకం పెట్టిన వారానికే సిన్నోవె పడవతో సహా మునిగిపోయింది. మిగతా ఇరవై తొమ్మిదీ పేరు లేకుండా తండ్రి దగ్గర ఉన్నాయి. సంతకం ఉన్నదైతేనే గోడకెక్కిస్తామని మ్యూజియం వాళ్ళు తేల్చి చెప్పారు. కాగితం మీద పడ్డ గోధుమరంగు మచ్చలు పోగొట్టించి, అసలుదేనని రాయించుకు రమ్మన్నారు.

"వెల నీ ఇష్టం, ఎంతైనా రాసుకో. అమ్మేది కాదు," అన్నాడు. "దాని పేరు ఆ గోడ మీద ఉండాలి, అంతే. బొమ్మలు తిండి పెడతాయా అని దెప్పేవాణ్ణి. చలికాలమంతా దానిచేత రేవులో చేపలు తూయించాను." మళ్ళీ తనే నవ్వబోయాడు. "నీదీ కడిగే పనేనా? నేను చేపలు, నువ్వు కాగితాలు. పెద్ద తేడా లేదులే."

"మచ్చల సంగతి నాకొదిలేయండి. గురువారం రండి."

మచ్చలు పోవాలంటే కాగితాన్ని నీళ్ళలో నానబెట్టాలి. ముందుగా ప్రతి రంగు మీదా ఒక్కో నీటి చుక్క వేసి, కరుగుతుందేమో చూశాను. సంతకం మీద వేయలేదు. ఈ చిత్రకారులంతా పెన్సిల్‌తోనే సంతకం చేస్తారు, పెన్సిల్ రాత నీటికి చెక్కుచెదరదు. నా తెలివి మీద నాకంత నమ్మకం.

కాగితాన్ని తొట్టిలో నానేసి, పది నిమిషాల తర్వాత వచ్చి చూస్తే నీళ్ళు ఊదారంగులో ఉన్నాయి. అంచు పొడవునా ఊదా మరక. పేరు లేదు. కంగారుగా కాగితం పైకి తీసి, ఆ నీళ్ళు పారబోసి, మంచినీళ్ళు పట్టాను. నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

గురువారం ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఓడ్‌వార్ మరక మీదకి వంగి చూశాడు.

"పెట్టెల పెన్సిల్," అన్నాడు. "రేవులో చేపల పెట్టెల మీద బరువు రాసేది. పొడిగా ఉంటే బూడిదరంగే, తడి తగిలితే ఊదా సిరా అయిపోతుంది. నా కూతురి చెవి మీద ఎప్పుడూ అదే ఉండేది. నువ్వూ ఈ తీరం పిల్లవే కదా, తెలియదా?"

తెలుసు. మా నాన్న దాన్ని నాలుకతో తడిపి రాసేవాడు. ఆయన నాలుక ఎప్పుడూ ఊదాగానే ఉండేది. అది చేపల పెట్టెల మీద రాసేదిగానే నాకు గుర్తు. బొమ్మ కింద ఉంటుందని తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ముందే ఫొటో తీసి పెట్టాను," అన్నాను. "అది చూసి నేనే అచ్చం అలాగే..."

"నువ్వు రాస్తే అది నీ రాత."

అరవలేదు. అరిచినా బాగుండేది. నెమ్మదిగా అడిగాడు.

"ఆ నీళ్ళు ఉన్నాయా?"

"ఏ నీళ్ళండీ?"

"దాని పేరు కరిగిన నీళ్ళు. ఏ సీసాలోనైనా పోసివ్వు, పట్టుకెళ్తాను."

"పారబోశాను."

సంతకం పోయిందన్నప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. నేను పక్కన నిలబడే ఉన్నాను.